నాలుగు మూలలా పసుపు

శనివారం పొద్దున్న, అమెరికాలోని ఎడిసన్ ఊళ్ళో, లీలావతి డైనింగ్ టేబుల్ మీద ఎవరో ఒకరి శుభలేఖలు ఉండాల్సిందే. లేకపోతే ఆ చుట్టుపక్కల తెలుగువాళ్ళ ఇళ్ళలో శుభకార్యాలే లేనట్టు లెక్క. గృహప్రవేశం కానీ, ఓణీల ఫంక్షన్ కానీ, సీమంతం కానీ, కార్డులు అచ్చయి రాగానే కట్టలకు కట్టలు తెచ్చి ఆమె ముందు పెట్టేవారు. ఆమె తలంటుకుని వచ్చి, చిన్న గిన్నెలో పసుపు తడిపి, ఉంగరం వేలితో ఒక్కో కార్డుకీ నాలుగు మూలలా అద్దేది. ఆ పని చేస్తున్నంతసేపూ ఫోన్ మోగినా తీసేది కాదు.

అంత గిరాకీ ఎందుకంటే, లీలావతి పసుపు పెట్టిన కార్డు చేతిలోకి తీసుకుని చూసినవాళ్ళు రాకుండా ఉండలేరు. కాలికి సిమెంటు కట్టు వేయించుకున్నవాళ్ళు వచ్చారు. మాటల్లేని తోటికోడళ్ళు ఒకే కారులో వచ్చారు. ఒకసారి మంచు తుఫాను పడి రోడ్లన్నీ మూసేస్తే, అన్నప్రాసనకు పిలిచినవాళ్ళు మంచు తోసే ట్రక్కును బతిమాలుకుని దాని వెనకాల బారుగా వచ్చి దిగారు. ఓక్ ట్రీ రోడ్డులో క్యాటరింగ్ చేసే వీరాంజనేయులు ఏ ఆర్డరుకైనా ముందు ఒకటే అడిగేవాడు. "పసుపు ఎవరు పెట్టారండీ?" లీలావతి గారంటే పిలిచినవాళ్ళందరికీ వండేవాడు. మేమే పెట్టుకున్నామంటే సగానికి వండేవాడు. ఇందులో ఎవరికీ వింత కనిపించలేదు. డాక్టరు గారి హస్తవాసి మంచిదన్నట్టే, ఆవిడ హస్తవాసి అలాంటిది అనుకునేవారు.

మొగుడు రాజారావు మాత్రం పసుపు అంటకుండా టేబుల్‌కి అవతలి కొసన కూర్చునేవాడు. ఇన్సూరెన్స్ సాఫ్ట్‌వేర్ టెస్ట్ చేయడం అతని ఉద్యోగం. అంటే ఇంకొకరి పనిలో తప్పులు పట్టి జీతం తీసుకోవడం. ఆ అలవాటు ఆఫీసులో వదిలి రమ్మంటే వస్తుందా? చారులో ఉప్పు దగ్గర్నుంచి పక్కింటాయన గడ్డి కోసే తీరు దాకా అన్నిటికీ అతని దగ్గర వంక ఒకటి సిద్ధంగా ఉండేది.

వంక దొరకని వస్తువు అతని ఇంట్లో ఒక్కటే. అది ఒక బేస్‌బాల్ కార్డు.

రెండు వేల ఒకటిలో ఈ దేశానికి వచ్చిన కొత్తలో, ఈ ఆట ఏమిటో చూద్దామని మందుల షాపులో ఒక కార్డుల ప్యాకెట్ కొన్నాడు. చిన్నప్పుడు బబుల్‌గమ్ కాగితాల్లో వచ్చే క్రికెటర్ల బొమ్మల కోసం కొట్టుకున్న ప్రాణం కదా. అందులో కోల్ మెరిడిత్ అనే కుర్ర ఆటగాడి మొదటి కార్డు వచ్చింది. అప్పటికి వాడి పేరు ఎవరికీ తెలియదు. రాజారావుకి ఆ మొహం నచ్చి, ఆ పూటే ప్లాస్టిక్ తొడుగులో పెట్టి దాచాడు. పదేళ్ళు గడిచేసరికి మెరిడిత్ పెద్ద పేరున్న ఆటగాడయ్యాడు. కార్డు మాత్రం ప్యాకెట్ విప్పిన నాడు ఎలా ఉందో అలాగే ఉంది.

ఈ పదేళ్ళలో రాజారావుకి ఇంకొకటి కూడా దొరికింది. పక్క ఊరు మెటుచెన్‌లో ఒక చర్చి బేస్‌మెంట్‌లో నెలకో శనివారం మధ్యాహ్నం కార్డులు పోగుచేసేవాళ్ళ క్లబ్బు కూడేది. ఆఫీసులో అతని పేరు నోరు తిరగక మేనేజరు రోజర్ అని పిలిచేవాడు. క్లబ్బులో అందరూ రాజా అనేవారు. ఏ కార్డు ఏ సంవత్సరానిదో తేలకపోతే, "రాజాని అడగండి" అనేవారు. అమెరికాలో తన మాటకు విలువున్న చోటు అదొక్కటేనని అతను లీలావతితో చాలాసార్లు అన్నాడు. ఆ మాట అన్నప్పుడు ఎక్కడా వంక పెట్టలేదు.

క్లబ్బుకి పెద్ద వాల్టర్. స్కూల్లో లెక్కలు చెప్పి రిటైరైన మనిషి. కార్డుల అంచులు గీకినా, మాసిన చోట రంగు పూసినా అది దొంగతనంతో సమానమని ఆయన లెక్క. అలాంటి పని చేసినవాడికి క్లబ్బులో కుర్చీ లేదని రూలు రాసిందీ ఆయనే. ఆ వాల్టరే ఒకరోజు భూతద్దం పెట్టి మెరిడిత్ కార్డు మూలలు చూసి, "రాజా, ఇలాంటి మూలలు నేను చాలా తక్కువ చూశాను. దీన్ని గ్రేడింగ్‌కి పంపించు. పది వస్తుంది. వస్తే ఈ ఏడు మన ఎగ్జిబిషన్‌లో ముందు టేబుల్ నీదే, నీ పేరుతోనే" అన్నాడు.

గ్రేడింగ్ అంటే ఏమీ లేదు, కార్డుకి పెళ్ళిచూపులు. దూరాన ఒక కంపెనీ ఉంటుంది. వాళ్ళు కార్డుని దీపం కింద పెట్టి మూలలు, అంచులు, నునుపు చూసి, పదికి ఎన్ని మార్కులో వేసి, మళ్ళీ ఎవరూ ముట్టుకోకుండా గట్టి ప్లాస్టిక్ పెట్టెలో మూసి పంపిస్తారు. ఎవరైనా కార్డుని మార్చారని తేలితే అంకె ఇవ్వరు. 'ఆల్టర్డ్' అని ఒక ముక్క రాస్తారు. మనిషి మొహాన దొంగ అని రాస్తే ఎలా ఉంటుందో, కార్డులవాళ్ళకి ఆ ముక్క అలా ఉంటుంది.

కార్డు పంపించే రోజు శనివారమే అయింది. పక్క వీధి ఉమ వాళ్ళ గృహప్రవేశం కార్డులు టేబుల్ మీద ఉన్నాయి. రాజారావు తన కార్డుని కడసారి చూసుకుని, తొడుగులో పెట్టి, ఆ టేబుల్ మీదే ఉంచి, టేప్ కోసం గరాజ్‌లోకి వెళ్ళాడు. టేప్ ఎప్పుడు ఉన్నచోట ఉంది కనక? అతను వెతికి తెచ్చేసరికి లీలావతి చేయి కడుక్కుంటోంది. అతను గబగబా కవరు అంటించి పోస్టాఫీసుకి పోయాడు.

ఎండాకాలమంతా ఎదురుచూశాడు. పార్సిల్ వచ్చిన రోజు ఇంట్లోకి వచ్చేదాకా ఆగలేక వాకిట్లో కారు పక్కనే నిలబడి విప్పాడు. లేబుల్ మీద అంకె లేదు. 'ఆల్టర్డ్. మూలల్లో రంగు' అని ఉంది. వెనక్కి తిప్పి చూశాడు. నాలుగు మూలలా నాలుగు పచ్చటి చుక్కలు, పొందికగా, ముచ్చటగా ఉన్నాయి.

"లీలా, నా కార్డుకి పసుపు పెట్టావా?" అన్నాడు లోపలికి వస్తూనే.

"పెట్టానుగా. మంచి పని మీద పోతోందని," అంది లీలావతి సంబరంగా. "ఎంత వేశారు? పదేనా?"

రాజారావు కుర్చీలో కూలబడ్డాడు. "పదీ లేదు, పాతికా లేదు. దొంగ కార్డని రాశారు. ఇది పెళ్ళి కార్డు కాదే!"

"ఏ కార్డైతే ఏంటండీ? మనింట్లోంచి వెళ్తోందిగా. ఉత్త కార్డు బయటికి పంపితే అశుభం కదా."

"పదేళ్ళు వేలిముద్ర పడకుండా దాచాను. దాని ప్రాణమంతా ఆ మూలల్లోనే ఉంది. నువ్వు సరిగ్గా వెతుక్కుని మూలలకే పెట్టావు."

"పసుపు మూలలకి కాక ఎక్కడ పెడతారండీ?"

ఆ మాటలో అబద్ధం లేదు. అందుకే అతనికి ఇంకా మండింది. "ఊరందరి కార్డులకీ పెట్టుకో. ఇకమీదట నా వస్తువు మాత్రం ముట్టుకోకు," అన్నాడు. లీలావతి మొహం చిన్నబోయింది. మంచి కోరి చేసిన పనికి ఇన్ని మాటలు పడ్డాక, పసుపు గిన్నె తీసి అలమారలో పెట్టేసింది. ఆ రోజు నుంచి రాజారావు ఆమెతో మాట్లాడటం మానేశాడు. ఏదైనా చెప్పాల్సి వస్తే ఫ్రిజ్‌కి చెప్పేవాడు. "పెరుగు అయిపోయింది," అనేవాడు ఫ్రిజ్‌తో. లీలావతి పెరుగు తెచ్చేది.

తెలివైనవాడైతే ఆ కార్డుని బీరువాలో పడేసి ఊరుకునేవాడు. రాజారావు ఆఫీసులో పెన్ను కూడా ఇంటికి తెచ్చుకోని మనిషి. క్లబ్బు శనివారం రాగానే దాన్ని క్లబ్బుకి తీసుకెళ్ళి వాల్టర్ ముందు పెట్టాడు.

వాల్టర్ భూతద్దం తీశాడు. చాలాసేపు చూశాడు. పక్కవాడికి ఇచ్చాడు. వాడు వెనక్కి తిప్పి, నాలుగు మూలలూ చూసి ఇంకొకడికి ఇచ్చాడు. అలా టేబుల్ చుట్టూ ప్రతివాడూ చేతిలోకి తీసుకుని, వెలుతురుకి పెట్టి చూసి పక్కకు అందించాడు. ఆ కార్డు ఒక్కో చెయ్యి మారుతుంటే రాజారావుకి చర్మం వలుస్తున్నట్టు ఉంది.

"మా ఆవిడ పసుపు పెట్టింది. మంచి జరగాలని. మా దగ్గర ఆచారం," అన్నాడు.

చివర కూర్చున్నవాడొకడు నవ్వాడు. వాల్టర్ నవ్వలేదు. పట్టుబడ్డ ప్రతివాడూ పెళ్ళాం చేసిందనో, పిల్లలు చేశారనో, కుక్క నాకిందనో చెప్పడం ఆయన ఎన్నేళ్ళుగానో వింటున్నాడు. "నీ మాట నమ్మాలనే ఉంది రాజా. కానీ రూలు నేనే రాశాను. కంపెనీ చేత ఆ ముక్క మార్పించు. అప్పటిదాకా రావద్దు," అన్నాడు. ఆ మాట అంటూ రాజారావు కుర్చీని ఆయనే మడిచి గోడకి ఆనించాడు.

ఆ తర్వాత రాజారావు కంపెనీ వెంట పడ్డాడు. ఫోన్ చేస్తే ముందు పాట వినిపించేది. పాట అయ్యాక ఒకటి నొక్కు, రెండు నొక్కు అనేది. అన్నీ నొక్కాక ఒక మర్యాదస్తురాలు వచ్చి, నిర్ణయం మారదనీ, ఇంకేమైనా సాయం కావాలా అనీ అడిగేది. ఈమెయిల్ రాస్తే రాసిన నిమిషంలో జవాబు వచ్చేది, అంటే ఎవరూ చదవలేదన్నమాట. "తప్పు పట్టినవాడు తప్పు ఎలా జరిగిందో కూడా రాయాలి. నేను ఆఫీసులో ఒక్క బగ్ అలా రాసిపడేస్తే నా ఉద్యోగం పోతుంది," అని ఫ్రిజ్‌తో మొరపెట్టుకునేవాడు. లీలావతి వింటూ కూర తరిగేది. పసుపు పనికి ఎవరైనా వస్తే, ఇంట్లో వద్దని వాళ్ళ ఇంటికే వెళ్ళి పెట్టి వచ్చేది.

ఒక ఆదివారం పొద్దున్న తలుపు తట్టిన చప్పుడైంది. ఎవరో తెల్లాయన, టై కట్టుకుని, చేతిలో రంగు కాగితం చుట్టిన బహుమతితో నిలబడి ఉన్నాడు. పేరు డగ్లస్ అని చెప్పాడు. కార్డుల కంపెనీలో దీపం కింద కార్డులు చూసే పని తనదేనన్నాడు. "మీ అడ్రస్ మా రికార్డుల్లో చూశాను. ఇది మా పద్ధతి కాదు. ఎందుకు వచ్చానో చెప్పలేను. రాకపోతే మర్యాదగా ఉండదనిపించింది. విమానం ఎక్కేశాను," అన్నాడు కొంచెం సిగ్గుపడుతూ.

లీలావతికి బహుమతి చూడగానే సంగతి అర్థమైంది. "మన కార్డు చూసుంటాడండీ. పాపం అంత దూరం నుంచి వచ్చాడు, కూర్చోమనండి. పెసరట్లు వేస్తాను," అంది.

రాజారావుకి ప్రాణం లేచొచ్చింది. ఏ మనిషి మొహం చూడాలని వారాల తరబడి ఫోన్ మీటలు నొక్కాడో ఆ మనిషే తన సోఫాలో కూర్చున్నాడు. పసుపు డబ్బా తెచ్చి చూపించాడు. ఉమ వాళ్ళ కార్డు చూపించాడు. ఆచారమంతా మొదటి నుంచి చెప్పాడు. డగ్లస్ అల్లం పచ్చడి నంజుకుంటూ శ్రద్ధగా విన్నాడు.

"గుర్తుంది. అంత చక్కటి మూలలు. ఈ చుక్కలు లేకపోతే కళ్ళు మూసుకుని పది ఇచ్చేవాణ్ణి," అన్నాడు.

"అయితే ఆ మాటే మీవాళ్ళకి చెప్పండి."

"ఏమని చెప్పను? మూలల్లో రంగు ఉందా?"

"ఉంది."

"అచ్చులో పడిందా?"

"లేదు. కానీ మోసం చేయడానికి పెట్టింది కాదు కదా!"

"కాదు. నాకిప్పుడు తెలుసు," అన్నాడు డగ్లస్. "కానీ మేము ఉద్దేశానికి గ్రేడ్ వేయమండీ. అది కనిపించే దీపం మా దగ్గర లేదు."

రాజారావు వాదించాడు, బతిమాలాడు, గొంతు పెంచాడు. డగ్లస్ ప్రతిదానికీ తల ఊపాడు. దేనికీ ఒప్పుకోలేదు. నాలుగో అట్టు తిని, పిలిచినందుకు థాంక్స్ చెప్పి, ఎయిర్‌పోర్టుకి వెళ్ళిపోయాడు. దేవుడు వరమిచ్చినా పూజారి వరమియ్యడంటారు. ఇక్కడ పూజారే ఇంటికొచ్చి, కడుపునిండా తిని, వరం లేదని చెప్పి చక్కా పోయాడు. రాజారావుకి కోపం కూడా రాలేదు. కోపం తెచ్చుకోవడానికి అవతల ఎవరో ఉన్నారన్న ఆశైనా ఉండాలి కదా, అదీ పోయింది.

క్లబ్బు శనివారం మళ్ళీ వచ్చింది. పదేళ్ళలో మొదటిసారి ఆ మధ్యాహ్నం అతను ఇంట్లో ఉన్నాడు. ఏం చేయాలో తోచక తుడిచిన కారునే మళ్ళీ తుడిచాడు. లోపల లీలావతి డైనింగ్ టేబుల్ దగ్గర కూర్చుని ఉంది. ఎవరిదో సీమంతం, వాళ్ళు మరీ బతిమాలి కార్డులు ఇక్కడే దింపి వెళ్ళారు.

వీధి మలుపులో ఒక కారు కనిపించింది. దాని వెనక ఇంకొకటి. చూస్తుండగానే వీధికి రెండు పక్కలా కార్లు ఆగాయి. ముందు కారులోంచి వాల్టర్ దిగి, డిక్కీ తెరిచి మడత కుర్చీలు దింపడం మొదలుపెట్టాడు. వెనక మిగతావాళ్ళు కార్డుల పెట్టెలు చంకన పెట్టుకుని దిగుతున్నారు. ఆ రోజు నవ్వినవాడి చేతిలో పూలగుత్తి కూడా ఉంది.

"మీటింగ్ ఇక్కడే కదా?" అన్నాడు వాల్టర్, తనకే అనుమానంగా.

వద్దని పంపేద్దామా అని రాజారావుకి ఒక్క క్షణం అనిపించింది. గోడకి ఆనించిన కుర్చీ కళ్ళ ముందు మెదిలింది. కానీ గుమ్మం దాకా వచ్చినవాళ్ళని వెనక్కి పంపే వంశం కాదు అతనిది. పక్కకి జరిగి దారి ఇచ్చాడు. లీలావతి తలుపు దగ్గరికి వచ్చి చూసి, లోపలికి వెళ్ళి పెద్ద గిన్నెలో బియ్యం పోసింది.

హాలంతా కుర్చీలు వేశారు. కార్డులు బయటికొచ్చాయి. ఎవరూ ఆల్టర్డ్ ముక్క ఎత్తలేదు, క్షమించమనీ అనలేదు. కాసేపటికి ఎవరో ఒక పాత కార్డు సంవత్సరం తేలక, అలవాటు కొద్దీ, "రాజాని..." అని సగంలో ఆగిపోయారు. రాజారావు విని కూడా విననట్టు నీళ్ళు అందిస్తూ తిరిగాడు. తన ఇంట్లో, తన గ్లాసుల్లో నీళ్ళు తాగుతూ వీళ్ళు ఇంకా తనను దొంగగానే చూస్తున్నారని అతనికి ఉక్రోషంగా ఉంది.

లీలావతి అన్నం వార్చి, మిగిలిన కార్డుల పని ముగిద్దామని మళ్ళీ కూర్చుంది. వాల్టర్ తన కుర్చీలోంచి లేచి డైనింగ్ టేబుల్ దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. ఆమె ఉంగరం వేలు పసుపులో ముంచడం, ఒక మూల, రెండో మూల, మూడు, నాలుగు, కార్డు పక్కన పెట్టడం, ఇంకొకటి తీయడం, అంతా లెక్కల మాస్టారిలాగే చూశాడు. మిగతావాళ్ళ మాటలు కూడా ఒక్కొక్కటే ఆగిపోయాయి.

"ఏం చేస్తోంది?" అన్నాడు వాల్టర్.

"ఆ రోజు చెప్పింది ఇదే," అన్నాడు రాజారావు కటువుగా. "మీరు వినలేదు."

"ఇవి అందుకున్నవాళ్ళు వస్తారా?"

"వస్తారు."

"అందరూ?"

"మీరు రాలేదా?"

వాల్టర్ కోటు లోపలి జేబులో చెయ్యి పెట్టి ఒక తొడుగు తీశాడు. అది చూసి హాల్లో ఇద్దరు ముగ్గురు లేచి నిలబడ్డారు. ఆ కార్డు గురించి వినని మనిషి క్లబ్బులో లేడు. చూసినవాళ్ళు మాత్రం తక్కువే. వాల్టర్ చిన్నతనంలో, అక్క మార్జొరీతో కలిసి ఇద్దరి చిల్లర పోగేసి కొన్న ప్యాకెట్‌లోది. అరవై ఏళ్ళయినా మూలలు మడత పడలేదు. ఏ కంపెనీకీ పంపలేదు, ఎవరి చేతికీ ఇవ్వలేదు.

"మా అక్క దేశానికి ఆ కొసన, ఒరెగాన్‌లో ఉంది," అన్నాడు వాల్టర్. "ఈ కార్డు నాదేనని నాన్న పోయిన రోజు గొడవపడ్డాను. అప్పట్నుంచి ఆమె మా ఇంటికి రాలేదు. ఉత్తరాలు రాస్తే జవాబు లేదు. ఫోన్ చేస్తే తీయదు." కార్డుని తొడుగులోంచి తీసి టేబుల్ మీద పెట్టాడు. "దీన్ని ఆమెకే పంపుతాను. పసుపు పెట్టమని అడుగు, రాజా."

రాజారావు ఆ కార్డు మీదికి వంగి చూశాడు. ఇన్నాళ్ళ ఉక్రోషమంతా ఎక్కడికి పోయిందో, కార్డులు ఎరిగిన మనిషే మిగిలాడు. "వద్దు, వాల్టర్. ఆ మూలలు చూడండి. ఇది పది."

"తెలుసు."

"ఒక్కసారి అంటితే పోదు. కంపెనీకి పంపితే ఆల్టర్డ్ అని రాస్తారు."

"రాయనీ," అన్నాడు వాల్టర్.

లీలావతి కార్డుని ముట్టుకోలేదు. తడి పసుపు వేలు గిన్నె మీద అలాగే ఆగి ఉంది. ఆమె చూసింది వాల్టర్ వైపు కాదు, మొగుడి వైపు. పార్సిల్ వచ్చిన రోజు విన్న 'ముట్టుకోకు' అన్న మాట ఇంకా చెవుల్లోనే ఉందని ఆమె మొహం చూస్తే తెలుస్తోంది.

రాజారావు చొక్కాకి చేతులు తుడుచుకున్నాడు. వేలిముద్ర పడకుండా అంచులు మాత్రమే పట్టుకుని కార్డు పైకి తీశాడు. చుట్టూ చూశాడు. మూలలు పాడైతే విలవిల్లాడిపోయే మనుషులు అంతమంది, ఒక్కరూ అడ్డు చెప్పడం లేదు. కార్డుని నెమ్మదిగా బోర్లించి భార్య ముందు పెట్టి, ఆమె కళ్ళలోకి చూశాడు.

"పెట్టు, లీలా," అన్నాడు.